పేరు అప్పారావు, ఊరు శ్రీకాకుళం, వెతికెట్టండి!

ఇప్పుడే ఓ మెసేజ్. "మా ముత్తాత యుద్ధంలో పోయారు. పేరు అప్పారావు. ఊరు శ్రీకాకుళం. వెతికెట్టండి." అంతే. ఏ యుద్ధమో లేదు, తండ్రి పేరు లేదు, పల్లె పేరు లేదు. చివర్న నమస్కారాల బొమ్మలు మాత్రం ఆరున్నాయి.

బాబూ, సింహాద్రప్పన్న, పైడితల్లమ్మ, అరసవల్లి సూర్యనారాయణ... మన రెండు జిల్లాల్లో సగం పేర్లు ఈ ముగ్గురి చలవే. అందులో మీ అప్పారావు ఏ అప్పారావు? పైగా అప్పట్లో సైన్యంలో ఆ పేరు రాసుకున్నది తెలుగు ముక్క రాని గుమస్తా. అప్పలస్వామి ఒకచోట ఒకే ముక్క, ఇంకోచోట అప్పల వేరు, స్వామి వేరు, మరోచోట అప్పలసామి. యుద్ధంలో పోయినవాళ్ళ ఆన్‌లైను జాబితాలో అన్నీ కొట్టి చూడాలి. ఓపికుందా? లేదు. అందుకే నాకు మెసేజ్.

ఇక "శ్రీకాకుళం అని కొట్టాం, లేరండీ" అనేవాళ్ళకి ఓ దణ్ణం. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950లో. విజయనగరం జిల్లా 1979లో. పోయినాయన అంతవరకూ ఆగలేదు కదా! రెండో ప్రపంచ యుద్ధమైతే జిల్లా వైజాగపటం, ఊరు చికాకోల్. మొదటిదైతే చికాకోల్, టెక్కలి, సోంపేట అన్నీ గంజాంలోవి. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు గానీ ఇటు రాలేదు.

ఆ జాబితా ఉన్నది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర, అంటే రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిషు వాళ్ళ తరఫున పోయినవాళ్ళ లెక్క చూసే సంస్థ. వాళ్ళ సైటులో వెతకడానికి పైసా అక్కర్లేదు. పేరు గడి ఖాళీగా వదిలేసి, ఏ సేన అన్నచోట ఇండియన్ పెట్టి, అదనపు సమాచారం గడిలో వైజాగపటం (Vizagapatam) అనో గంజాం (Ganjam) అనో పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టండి. తండ్రి పేరూ ఊరూ రాసుంటే అక్కడే ఉంటాయి. రాయలేదా, మళ్ళీ పేరు స్పెల్లింగుల దగ్గరికే. సర్వీసు నంబరు, దళం దొరికాయంటే సగం పనైనట్టే. మద్రాస్ రెజిమెంటైతే తమిళనాడులోని వెల్లింగ్టన్‌కి, మద్రాస్ సాపర్లైతే (సైన్యంలో ఇంజనీరింగ్ పని చేసే దళం) బెంగుళూరికి ఉత్తరం రాయొచ్చు.

చనిపోయిన తేదీ కూడా ఉంటుంది. తిథి తెలీక ఇన్నేళ్ళూ మహాలయ అమావాస్యకి నెట్టుకొస్తున్న ఇళ్ళకి ఆ తేదీ చాలు, పాత పంచాంగం తీస్తే తిథి తేలిపోతుంది.

ఆ జాబితాలో వంటవాళ్ళుంటారు, నీళ్ళు మోసినవాళ్ళుంటారు, పయనీర్ కోర్‌లో మట్టి పని చేసినవాళ్ళుంటారు. "మా తాత సిపాయండీ, వంటోడేటి" అని పేరు కళ్ళముందున్నా దాటేసేవాళ్ళున్నారు. బాంబు హోదా అడిగి పడిందేటి?

ఒళ్ళు మండేది ఇవేవీ కాదు. మొదటి యుద్ధం వెండి పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం అన్నీ అచ్చు గుద్ది ఉంటాయి. దాన్ని కంసాలికిచ్చి కరిగించి పిల్లకి పట్టీలు చేయించుకుని, ఇప్పుడొచ్చి నంబరు నన్నడుగుతారు!

అయినా మిమ్మల్నని ఏం లాభం. పంజాబువాళ్ళకి మొదటి యుద్ధం రిజిస్టర్లు ఊరివారీగా లాహోర్ మ్యూజియంలో ఉన్నాయి, 2021 నుంచి ఆన్‌లైనుకెక్కుతున్నాయి. మనకేవీ? ఆంధ్రాలో మిలటరీ అంటే టీవీ బండి పశ్చిమగోదావరిలో సిపాయిల ఊరని పేరున్న మాధవరం దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. ఇటు రావాలంటే తుఫాను రావాలి. ఇరాక్‌లోని బస్రా యుద్ధ స్మారకం మీదైతే మన దేశపు మామూలు సిపాయిల పేర్లే చెక్కలేదు, దళానికి ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఇలాంటి తేడాలు చూపించామని ఆ వార్ గ్రేవ్స్ కమిషనే 2021లో ఒప్పుకుంది. వందేళ్ళకి!

సరే, పతకం ఇంకా ఏ ట్రంకుపెట్టెలోనో మిగిలుంటే దసరాకి చింతపండేసి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అంచు చుట్టూ పల్చటి కాగితం బిగించి పెన్సిలు పక్కవాటుగా పెట్టి మెల్లగా రుద్దండి. తేలిన అంకెలు ఫొటో తీసి పంపండి. నమస్కారాలు తర్వాత పెడుదురుగాని.