పెద్దకర్మ ఫ్లెక్సీ గారికి విన్నపం

మహారాజశ్రీ ఊరి సెంటర్లో రావిచెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్య వెలసిన పెద్దకర్మ ఫ్లెక్సీ గారి దివ్యసముఖమునకు, ఊళ్లోవాళ్లం రాసుకున్న విన్నపాలు. ఉభయకుశలోపరి.

మామ్మ పోయిన మూడో రోజుకల్లా తమరు దిగారు. పది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, సరుగుడు కర్రల చట్రం. మొత్తం అరవై చదరపు అడుగులు. ఎవరికెంత దక్కిందో టేపు పెట్టి చూశాం. పై వరుసలో నాయకుల మొహాలకి పది అడుగులు. కింద "ఇట్లు" దగ్గర్నుంచి పేర్లకి పదిహేను. మబ్బులకీ, గులాబీ రేకులకీ, రెండు పక్కలా దీపపు కుందులకీ ముప్పై. మామ్మకి అయిదు. పై వరుసలో నడిమధ్యన నవ్వుతున్న ఆయన మామ్మని చూసింది ఓటడగడానికి వచ్చినప్పుడే. అయినా ఆయన మొహమే పెద్దది.

ఆ అయిదడుగుల ఫొటో సంగతి. ఆవిడ ఒంటరిగా ఫొటో దిగింది ఆధార్ కార్డుకే. అంగుళం బొమ్మని రెండున్నర అడుగులకి లాగితే కళ్లు చెదిరిపోతాయి, ముక్కు మెట్లుమెట్లుగా వస్తుంది. అది కనపడకుండా డిజైనర్ కుర్రాడు మొహమంతా నున్నగా రుద్దేశాడు. ఎనభై దాటిన మనిషికి ఒక్క ముడత లేదు. చీర రంగు మార్చాడు, మెడలో ఎన్నడూ లేని రెండుపేటల గొలుసు వేశాడు, నుదుట ఇంత బొట్టు పెట్టాడు. తాతయ్య పోయినప్పుడు పదిమందీ కూర్చోబెట్టి తుడిచిన బొట్టు అది. తిరిగి పెట్టుకోమనడానికి ఆ పదిమందిలో ఒక్కరికీ నోరు రాలేదు, తమరి దగ్గర ఒక్క మౌసు నొక్కుతో అయిపోయింది. ఆ ఒక్కందుకూ తమరికి దణ్ణం.

జననం 01-01-1942 అన్నారు. ఊళ్లో ఆ ఈడువాళ్లు చాలామంది జనవరి ఒకటినే పుట్టారు లెండి, తారీఖు తెలియనివాళ్లకి కార్డులో పడేది అదే. ఆవిడ లెక్క వేరు. పెద్దాడు సాగర్ కాలవలకి నీళ్లొదిలిన ఏడు పుట్టాడు, అంటే 1967. కడగొట్టుది దివిసీమ ఉప్పెన నాటికి ఇంకా పాలు తాగుతోంది, అంటే 1977 నవంబరు. ఈ కొండగుర్తులు పట్టుకుని ఊళ్లో ఎవరి వయసైనా వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి చెప్పేది.

ఇక తమరిలో అన్నిటికంటే లావు అక్షరాలు: "మీ ఆశయాలను కొనసాగిస్తాం." ఏ ఆశయాలండీ? డాలస్‌లో ఉన్న మనవరాలు వాట్సాప్ గ్రూపులో "మామ్మ ఆవకాయ పాళ్లు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగింది. అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. పాళ్లు మాత్రం ఒక్కరూ పెట్టలేదు. అందుకని ఆశయాలు మేము చెప్తాం, రాసుకోండి.

కాయ టెంక గట్టిపడ్డాకే కోయించాలి. చిన్నరసమైనా, కొత్తపల్లి కొబ్బరైనా పుల్లగా, పీచుతో ఉండాలి. కడగడం, తుడవడం, ఆరబెట్టడం కాయ మీదే. కత్తిపీట మీద పడ్డాక నీటిచుక్క తగలకూడదు. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి, లేకపోతే నాలుగు నెలలకే ముక్క మెత్తబడి పిప్పి అవుతుంది. జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడవాలి. నాలుగు గిన్నెల ముక్కలకి కారం, ఆవపిండి, దంచిన కల్లుప్పు గిన్నెడేసి, ఉప్పు మాత్రం తలకొట్టి. ఆవాలు ఎండబెట్టి రోట్లో దంచాలి. మిక్సీలో వేసి ఆపకుండా తిప్పితే వేడెక్కి చేదొస్తుంది, ఆ చేదు ఏడాదంతా పోదు. నువ్వులనూనె పట్టించి జాడీకెత్తి, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడాలి. ఊట మీద నూనె తేలకపోతే ఇంకాస్త పోయాలి. బూజు పట్టేది నూనె కప్పని ముక్కకే. చెయ్యి తడి ఆరకుండా జాడీలో పెట్టిన కోడలికి ఏమి పడేదో ఇక్కడ రాయడం బాగుండదు.

దాలిలో పిడకల సెగ మీద పొద్దుటినుంచి కాగి ఎర్రబడ్డ పాలు తోడువేసి, తెల్లారుజామున కవ్వం వేసేది. చలికాలం ఎంత చిలికినా వెన్న పడదు, అప్పుడు చెంబుడు గోరువెచ్చటి నీళ్లు పొయ్యాలి. ఎండాకాలం వెన్న జావగారిపోతుంది, అప్పుడు కుండలో నీళ్లు. కూజాలో థర్మామీటరు పెట్టి చెప్పగలిగే ఇంజినీర్లు ఇంటికి ముగ్గురున్నారు, చిలకడం ఒక్కరికీ రాదు.

పాదున మొదట్లో దిగిన బీరకాయల్లో నదురైనది ఒకటి కోయనిచ్చేది కాదు. అది తీగ మీదే ముదిరి, ఎండి, గలగలమన్నాక పొయ్యి పైన చూరుకి కట్టేది, పొగకి పురుగు చేరదని. చిక్కుడు గింజలు బూడిదలో కలిపి కుండలో పోసి, మూతి పేడతో మెత్తేది. ఇప్పుడు చూరూ లేదు, పొయ్యీ లేదు. కొట్లో కొన్న హైబ్రిడ్ పొట్లంలోంచి మొలిచిన పాదు గింజలు దాచినా మళ్లీ ఏటికి తల్లిపాదులా కాయవు. కాబట్టి ఆ ఆశయం కొనసాగించాలంటే ముందు నాటు గింజ వెతకాలి. పక్కూళ్లో ఇంకో ముసలమ్మ దగ్గర ఉంది. ఆవిడకి ఫ్లెక్సీ పడేలోపే వెళ్లమనండి.

"ఇట్లు" కింద పేర్ల వరస కూడా చూశాం. కొడుకులు లావుగా, కోడళ్లు మధ్యరకం, కూతుళ్లు సన్నగా, అల్లుళ్లు మళ్లీ లావుగా. ఆడపిల్లలకి ఆస్తిలో సమానహక్కని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది. తమరి ఫాంటు దాకా అది రాలేదు. మామ్మ పేరుకి ముందు "కీ.శే. ఫలానావారి ధర్మపత్ని" అని ఒకటి. 2013 ఆహార భద్రత చట్టం పుణ్యాన రేషన్ కార్డులో ఆవిడే ఇంటిపెద్ద. పాసుపుస్తకంలో సెంటు భూమి లేదు. కానీ నాట్లకి ముఠా మాట్లాడింది ఆవిడ, కౌలు బస్తాలు గుమ్మంలో నిలబడి కాటా వేయించింది ఆవిడ. ఎవరికి ఎన్ని శేర్ల పాలు పోసిందో, ఏ కూలికి ఎన్ని రోజులు బాకీయో వంటింటి గోడ మీద బొగ్గు గీతల్లో ఉండేది. పెద్దకర్మకి చుట్టాలొస్తున్నారని ఆ గోడకి సున్నం కొట్టించారు. బాకీ ఉన్నవాళ్లందరూ భోజనాలకి వచ్చారు, బాగా తిన్నారు.

2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు. తమరు చెక్కుచెదరలేదు, కాబట్టి మానెయ్యమని అడగం. మా కోరిక చిన్నది. ఈసారి ఆ ముప్పై అడుగుల మబ్బుల్లో ఒక పది అడుగులు మాకివ్వండి. ఆవకాయ పాళ్లు, కడివెడు పాలకి ఎంత తోడు, ఏ మూల ఏ విత్తనం, ఎవరి బాకీ ఎంత, ఇవి వేయించండి. అక్షరం రెండంగుళాలుంటే చాలు, రోడ్డు అవతలికి కూడా ఆనుతుంది. నాయకుల పది అడుగులు వాళ్లకే ఉంచండి, అంత ధైర్యం మాకూ లేదు.

ఇట్లు,
భోజనాలకి వచ్చి వెళ్లిన ఊరివాళ్లం

తా.క.: నెల తిరిగేసరికి ఎండకి ఎరుపూ పసుపూ వెలిసి మామ్మ మొహం నీలంగా తేలుతుంది, ఈలోపే దించమనండి. లాగకుండా మేకులు పీకి దించాలి, చిరిగితే ఎందుకూ పనికిరారు. గడ్డివామి మీద కప్పేటప్పుడు బొమ్మ వైపు లోపలికి ఉండాలి. తమరు గడ్డికి అంటుకోకుండా మధ్యన రెండు వెదుళ్లు పెట్టాలి, లేకపోతే గాలాడక చెమ్మ పట్టి పైగడ్డి కుళ్లుతుంది. అంచులకి ఇసుక మూటలు కట్టాలి. నాయకులున్న అంచు పడమటి వైపు వేయమనండి, వాన ఎక్కువగా కొట్టేది అటునుంచే. పనికిరాకుండా పోయాక పొయ్యిలో పెట్టొద్దు, ఆ పొగ మంచిది కాదు.