మునిగిన ఊరికి టికెట్

గుంటూరు బస్టాండులో నిలబడి కొల్లూరు బస్సు ఎక్కడాగుతుందని అడిగితే ఎవరైనా తెనాలి వైపే చూపిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. బాపట్ల జిల్లాలో కృష్ణ ఒడ్డున, లంకల పక్కన ఉన్న కొల్లూరు జనం తిరిగే ఊరు, దానికి బస్సులున్నాయి. నేను అడిగింది పల్నాడు వైపు బెల్లంకొండ మండలంలో ఒకప్పుడు వజ్రాల గని ఊరుగా ఉండి, ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉన్న కొల్లూరు. ఆ సంగతి చెప్పేసరికి కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "మునిగిపోయిన ఊరికి టికెట్ ఎట్లా కొట్టమంటారండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అసలు ఆ ప్రశ్న వేయవలసింది ఆయన కాదనీ, పర్యాటకం పేరుతో ఏటేటా ప్రణాళికలు రాసే పెద్దలు దాన్ని తమకు తాము వేసుకోవాలనీ మాత్రం ఇంటికి తిరిగి వస్తుంటే అనిపించింది.

కోహినూర్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మన సభల్లో, చర్చావేదికల మీద ఆవేశం పొంగుతుంది. ఆ కథ పాఠకులకు తెలిసిందే. 1849లో పంజాబు బాలరాజు దులీప్ సింగ్ చేతి నుంచి బ్రిటిష్ వారికి ఎలా చేరిందో, 2016లో కేంద్రం తరఫు న్యాయవాది సుప్రీంకోర్టులో అది దోచుకున్నది కాదని చెప్పి ఎలా చిక్కుల్లో పడ్డారో మళ్లీ వల్లించనక్కర లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. 105.6 కారట్ల ఆ రాయి రేపు లండన్ టవర్ నుంచి బయలుదేరినా విజయవాడకు రాదు, గుంటూరుకు అసలే రాదు. ఢిల్లీలో దిగుతుంది, లేదా లాహోరూ కాబూలూ మాకంటే మాకని వేసే వ్యాజ్యాల మధ్య ఇరుక్కుంటుంది. అది కొల్లూరు రాయేనన్నది తరతరాలుగా అందరూ చెప్పుకుంటున్న మాటే తప్ప, చేతిలో పట్టుకుని చూపించగల పత్రం లేదు. కాదనడానికి వీల్లేని ఆస్తి మనకు వేరే ఉంది. అది గని. దాని గురించి కళ్లారా చూసినవారు రాసి పెట్టిపోయారు, అయినా దాని పేరు మీద ఈ రెండు నగరాల్లో ఎక్కడా ఒక ప్రదర్శన గది కూడా లేదు.

మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన విలియం మెత్‌వోల్డ్ 1620లలో ఈ గనికి వెళ్లి, ముప్పై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. కప్పీలు, గిలకలు లేకుండా, గుంత లోపల అంచుల మీద మనుషులు అంతస్తులుగా కూర్చుని మట్టి తట్టలనూ నీటి కుండలనూ చేతి నుంచి చేతికి పైకి అందించేవారని కూడా అతనే చెప్పాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ఫ్రెంచి నగల వర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియే వచ్చాడు. 1676లో అచ్చయిన అతని గ్రంథంలో ఆ సంఖ్య అరవై వేలు. అంకెలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. సగమని తీసుకున్నా, ఇవాళ మన మండల కేంద్రాల్లో చాలావాటికి అంత జనాభా లేదు. మగవారు తవ్వేవారు, ఆడవారూ పిల్లలూ మట్టి మోసేవారు. పదీ పన్నెండు అడుగులు దిగేసరికి నీరు ఊరేది. ఆ నీటినే చేది పైకి తెచ్చి, చుట్టూ పొట్టి గోడ కట్టిన కళ్లంలో పోసిన మట్టిని ఒకటి రెండు రోజులు నానబెట్టేవారు. గోడ అడుగున వదిలిన కంతల గుండా బురద నీరు పోనిచ్చి, మిగిలినదాన్ని ఎండబెట్టి, మనం ధాన్యాన్ని తూర్పారబట్టినట్టే గాలికి తూర్పారబట్టేవారు. గడ్డలు మిగిలితే పెద్ద పెద్ద కర్ర రోకళ్లతో దంచి మళ్లీ చెరిగేవారు. ఆ పైన నేల మీద పరిచి, వరుసగా చేతులతో వెతకడమే.

ఈ వర్ణన చదివిన రైతు బిడ్డ ఎవరికైనా ఒక సంగతి తట్టి తీరాలి. కొల్లూరు వజ్రాన్ని బయటికి తీసినది వరికీ జొన్నకూ మనం వాడిన పనితనమే. తట్ట, చేట, రోకలి, కళ్లం. ఈ గని మొదట బయటపడిందే ఒక రైతు చిరుధాన్యం చల్లడానికి నేల తవ్వుతూ ఉండగా ఒక మొనదేలిన రాయి దొరకడం వల్లనని టావెర్నియే విన్నాడు. పని మొదలుపెట్టే రోజున జరిగే తంతును కూడా అతను వదల్లేదు. యజమాని, కూలీలు, వారి భార్యాపిల్లలు కలిసి రాతి దేవత ముందు మొక్కుకునేవారు. కుంకుమపువ్వు కలిపిన జిగురుతో నుదుట బొట్టులా పెట్టుకుని దానికి ఏడెనిమిది బియ్యపు గింజలు అంటించుకునేవారు. తరువాత నేల మీద బారులు తీరి కూర్చుంటే, ఆకుల విస్తట్లో అన్నం వడ్డించి, చక్కెర కలిపిన నెయ్యి ఇచ్చేవారు. మూడున్నర శతాబ్దాల కిందటి ఫ్రెంచివాడు ఆశ్చర్యంగా రాసుకున్న ఆ దృశ్యంలో మనకు తెలియనిదంటూ ఏమీ లేదు. అక్షింతలు తెలుసు, బంతి తెలుసు, విస్తరి తెలుసు. తెలియనిదల్లా ఆ బంతిలో కూర్చున్నవాళ్ల పేర్లు.

ఇంకొక ముచ్చట చెప్పకుండా ముందుకు సాగలేను. ఈ చోటును ఆ దేశస్థుల భాషలో 'గని' అంటారని టావెర్నియే రాశాడు. ఊరి పేరేమిటని అతను అడిగి ఉంటే, ఎవరో పలుగు పక్కన పెట్టి, ఇది గనండీ అని చెప్పి ఉంటారు. అతను దాన్నే పేరుగా రాసుకున్నాడు. ఆ గ్రంథం ద్వారా ఒక తెలుగు కూలీ నోటి మాట యూరప్ అంతా తిరిగింది. మెత్‌వోల్డ్ లెక్క ప్రకారం పది కారట్లు దాటిన రాయి గోల్కొండ రాజుగారిది, కాబట్టి వజ్రాలకు మాత్రం గోల్కొండ అనే పేరు దక్కింది. గోల్కొండలో వజ్రాల గనులు లేవు, సంతా ఖజానా ఉండేవి. తవ్విన నేల పేరు చెరిగిపోయి, దాచిన కోట పేరు నిలిచిపోయిన ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ దేశంతో బేరమూ అక్కరలేదు.

దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో ఉన్నది కూడా గుంతే. 1871 నుంచి 1914 దాకా పలుగూ పారలతో తవ్వి, రెండు కోట్ల టన్నులకు పైగా మట్టి ఎత్తిపోసి, సుమారు 2,722 కిలోల వజ్రాలు తీసిన ఆ గొయ్యిలో ఇప్పుడు నీరు నిలిచింది. దాని అంచున ఒక వంతెన కట్టారు, పాత ఇళ్లనూ దుకాణాలనూ చేర్చి ఒక వీధిని తీర్చారు, జనం డబ్బిచ్చి వెళ్లి ఆ నీటిలోకి తొంగిచూసి వస్తున్నారు. పోలండ్‌లోని వియెలిచ్కా ఉప్పు గనిలో నూరు మీటర్ల లోతున ఉప్పుతోనే మలిచిన ప్రార్థనా మందిరం ఉంది. యునెస్కో 1978లో తన మొట్టమొదటి జాబితాలోనే ఆ గనికి చోటిచ్చింది. గని మూతపడినంత మాత్రాన ఊరికి చావు లేదని ఈ రెండూ నిరూపించాయి. అయితే మనం కింబర్లీని గుడ్డిగా అనుకరించకూడదని నా అభిప్రాయం. అక్కడ గనుల యజమానులు నల్లజాతి కార్మికులను ఒప్పందం ముగిసేదాకా ప్రహరీల మధ్య బంధించి ఉంచారు. ఆ కథను వజ్రాల మెరుపు పక్కన నిలబెట్టి చెప్పడం ఏ ప్రదర్శనశాలకైనా కష్టం. కొల్లూరులో ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే చూపించడానికి మన దగ్గర వజ్రం లేదు. మిగిలింది శ్రమ ఒక్కటే.

కాదనేవారు రెండు మాటలంటారు. నీటి కింద ఉన్నదాన్ని చూడటానికి ఎవరు వస్తారన్నది మొదటిది. వజ్రాల పేరెత్తితే జనం గునపాలు పట్టుకుని పొలాల మీద పడతారన్నది రెండవది. రెండో మాటలో కొంత నిజం ఉంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చి, చెట్ల కింద వంటలు చేసుకుంటూ, నేలకు కళ్లు అతికించి తిరిగే కుటుంబాలను ఏటా చూస్తున్నాం. కానీ వారిని అక్కడికి రప్పించినది ఏ ప్రచారమూ కాదు, ఆశ. మొదటి మాటకు జవాబు నదికి కాస్త ఎగువన నాగార్జునకొండలోనే ఉంది, దాని దగ్గరికే వస్తున్నాను.

అంతకు ముందు పరిటాల. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు ముప్పై కిలోమీటర్లు పోతే 135 అడుగుల ఆంజనేయస్వామి కనిపిస్తాడు. కార్లు ఆగుతాయి, దండం పెట్టుకుంటారు, సెల్ఫీలు తీసుకుంటారు, కొబ్బరి నీళ్లు తాగుతారు. తాము నిలబడ్డది వజ్రాల నేల మీదనని వారిలో ఎందరికి తెలుసు? పారిస్‌లోని లూవ్రలో ఉన్న 140.64 కారట్ల రీజెంట్ వజ్రం చరిత్రలో వినిపించే 'పార్టియల్' ఈ పరిటాలే. చుట్టూ సర్కారు జిల్లాలు బ్రిటిష్ వారి కిందికి పోయినా ఈ కాసిని ఊళ్లు మాత్రం నిజాం చేతిలో ఉండిపోవడానికీ, 1947లో ఇక్కడి జనం నిజాంను ధిక్కరించి తమది స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకోవడానికీ వెనుక ఉన్నది ఈ వజ్రాల మట్టే. జనం ఎలాగూ ఆగుతున్న చోటు అది. కొల్లూరు గదిని నీటి ఒడ్డున ఎవరూ వెళ్లని మూల కట్టనక్కర లేదు, పరిటాలలో కడితే చాలు. అంత ఓపిక లేదంటే, విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, అందులో ఒక గది కేటాయించండి.

ఆ గదిలో దయచేసి గాజు కోహినూర్ పెట్టవద్దు. మన పర్యాటక శాఖల అలవాట్లు తెలిసినవాణ్ణి కనుక ముందే వేడుకుంటున్నాను. నీలిరంగు దీపాల కింద తిరిగే బల్ల మీద గాజుముక్క, దాని పక్కన సెల్ఫీ పాయింటు, గోడ మీద మయూర సింహాసనం బొమ్మ, అంతటితో చరిత్ర ముగిసినట్టు. దానికి బదులు అడ్డంగా కోసిన గుంత నమూనా ఒకటి నిజమైన కొలతలతో ఉండాలి, పిల్లలు అందులో మెట్లు మెట్లుగా కూర్చుని తట్ట అందించుకుంటే ఎన్ని చేతులు కావాలో వాళ్లకే తెలుస్తుంది. పొట్టి గోడ కళ్లం ఉండాలి, దాని కంతల్లోంచి నీరు పారాలి. గులకరాళ్లు కలిపిన మట్టిని ఒక చేటలో పోసి చెరగమనాలి. ఒకరిద్దరు పడుచువాళ్లు ఐదు నిమిషాలు చెరిగి, నడుము పట్టుకుని లేస్తే, వాషింగ్టన్ మ్యూజియంలో 45.52 కారట్ల హోప్ వజ్రం ముందు నిలబడ్డవాళ్లకు కూడా తెలియనిది వీళ్లకు తెలుస్తుంది. ఆ నీలి రాయి కూడా కొల్లూరుదేనని ఎక్కువ మంది పండితుల నమ్మకం.

ఇక నాగార్జునకొండ. సాగర్ ఆనకట్టకు 1955లో పునాదిరాయి పడేనాటికే ఆ లోయలో తవ్వకాలు నడుస్తున్నాయి. 1960 దాకా సాగిన ఆ పనిలో ఇక్ష్వాకుల విజయపురిని పొరలు పొరలుగా పరిశీలించి, ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకగా ఊడదీసి కొండ మీదికీ, ఒడ్డున అనుపుకూ తరలించారు. కొండ ద్వీపమైంది, ద్వీపం మ్యూజియమైంది, ఇవాళ లాంచీలో కుటుంబాలు వెళ్లి వస్తున్నాయి. అదే నదికి దిగువన 45.77 టీఎంసీల పులిచింతల నిండినప్పుడు కొల్లూరుకు ద్వీపమూ దక్కలేదు, అనుపూ దక్కలేదు. బౌద్ధ స్తూపానికి దొరికిన గౌరవం కూలీ తవ్విన గుంతకు ఎందుకు దొరకలేదన్నది నన్ను వదలని ప్రశ్న. శాసనం ఉంటే చరిత్ర, శిల్పం ఉంటే వారసత్వం, గుంత మాత్రం బంజరు. రెవెన్యూ లెక్క అలా ఉండవచ్చు, సంస్కృతి లెక్క కూడా అలాగే ఉంటే ఎలా?

ఇది కొల్లూరు ఒక్కదాని గొడవ కాదు. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ఇప్పుడు గోదావరి మీద పోలవరం. మన నదుల పొడవునా నీటి కింద ఊళ్ల వరుస ఒకటి ఉంది. పులిచింతల వద్దని నేననను. ప్రకాశం బ్యారేజీ కింద సుమారు 13 లక్షల ఎకరాల కృష్ణా డెల్టా ఉంది, నారుమళ్ల వేళకు నీరు అందడమంటే ఏమిటో డెల్టా రైతు కొడుకునైన నాకు ఎవరూ నేర్పనక్కర లేదు. మేము తాగే నీరు, మా పొలాలకు పారే నీరు ఆ ఊళ్ల ఇళ్ల మీదుగా నిలిచి వస్తున్నదన్న ఎరుక మాత్రం మాకు ఉండాలి. డెల్టాలో ఎన్ని బడుల పాఠాల్లో ఆ ఊళ్ల పేర్లు వినిపిస్తాయి? పరిటాల గదిలో చివరి గోడను అందుకే అడుగుతున్నాను. రాజుల వంశవృక్షం కాకుండా, పులిచింతల కింద మునిగిన ఊళ్ల పేర్లు, ఒక్కో ఊరి నుంచి ఎన్ని ఇళ్లు లేచి ఎక్కడికి పోయాయో ఆ లెక్క, ఆ గోడ మీద ఉండాలి.

ఆ బస్టాండు ముచ్చట జరిగిన కొద్ది రోజులకు ఒక పునరావాస కాలనీకి వెళ్లాను. సిమెంటు అరుగు మీద కూర్చున్న పెద్దాయన నా మాట విని, లేచి, చేతికర్రతో దుమ్ములో గీతలు గీయడం మొదలుపెట్టారు. ఇది ఏరు, ఇది గుడి, ఇది మా పొలం గట్టు. కొంచెం దూరంలో చిన్న చిన్న సున్నాలు చాలా చుట్టి, "ఇవన్నీ గుంతలు నాయనా, చిన్నప్పుడు మేకల్ని తోలుకుపోతే అందులో పడతాయని మా అమ్మ తిట్టేది" అన్నారు. మేం మాట్లాడుతుండగానే ఒక బండి ఆ గీతల మీదుగా పోయింది. ఆయన విసుక్కోకుండా మళ్లీ గీశారు. నేను ఫోను తీసి ఫొటో తీశాను కానీ, ఏ సున్నా ఎంత దూరమో, ఏది ఎవరి పొలంలో ఉండేదో రాసుకునే పద్ధతి నాకు తెలియదు. పురావస్తు శాఖకు తెలుసు, విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలకు తెలుసు. ఒక సర్వే పటం, నలుగురు విద్యార్థులు, కాలనీలో నెల రోజుల మకాం ఉంటే ఆ పని అవుతుంది. ఆ పెద్దాయనకు ఎనభై దాటాయి.