శివపార్వతులే భూప్రదక్షిణకు బయల్దేరితే ఎలా?

రిటైరైన తల్లిదండ్రులు విదేశాలకు వెళ్లకూడదని మన సమాజం ఏనాడూ అనలేదు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే నన్ను ఛాందసుల్లో జమకట్టేస్తారు. వెళ్లొచ్చు. కోడలికి ఎనిమిదో నెల రాగానే వెళ్లొచ్చు. కూతురి మెటర్నిటీ లీవు అయిపోయే వారం వెళ్లొచ్చు. అమెరికా వాళ్లు పదేళ్ల విజిటర్ వీసా ఇచ్చి, వెళ్లినప్పుడల్లా మామూలుగా ఆరేసి నెలలు ఉండనిస్తున్నది ఎందుకనుకున్నారు? మొదటి ఆరు నెలలు అమ్మాయి తరఫు వాళ్లు, తర్వాతి ఆరు నెలలు అబ్బాయి తరఫు వాళ్లు. ఎయిర్‌పోర్టులో ఒక జంట దిగుతుంటే ఇంకో జంట ఎక్కుతుంది. ఇంత పకడ్బందీ షిఫ్టు పద్ధతి మన థర్మల్ స్టేషన్లలో కూడా ఉండదు. శని, ఆదివారాల్లో కాస్ట్‌కో, పండగలకి గుడి, ఆర్నెల్లకోసారి నయాగరా. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. బేస్‌మెంట్‌లో పడుకునేవాళ్లకి ఉందేమో తెలియదు, వాళ్లని ఎవరూ అడగలేదు.

అలాంటి వ్యవస్థకి మా కాలనీ నుంచే ముప్పు వచ్చిపడింది.

ఆయన ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఈఈగా రిటైరయ్యారు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేశారు. ఇద్దరికీ పింఛను వస్తుంది. షుగరు ఒక్కరికే, మోకాళ్లు నాలుగూ పుట్టినప్పటివే. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో. ఫిబ్రవరిలో కోడలికి రెండో కాన్పు. ఇన్ని అర్హతలున్న దంపతులు ఆ ఫిబ్రవరిలో ఎక్కడ ఉండాలి? డాలస్‌లో, బిడ్డకి కాళ్ల మీద లాల పోస్తూ ఉండాలి. వీళ్లు పెరూలో ఉంటారట. మాచుపిచ్చు అనే పాత కొండ నగరం చూస్తారట. అక్కడికి కొండల్లోంచి నడిచి వెళ్లే ‘ఇన్కా ట్రెయిల్’ అనే బాటని ఆ దేశం వాళ్లే ఏటా ఫిబ్రవరిలో మరమ్మతులకని మూసేస్తారు. ఆ సంగతి చెప్పి చూశాను. "తెలుసండీ, మేం రైల్లో వెళ్తున్నాం" అన్నారు ఈఈ గారు.

మొత్తం పదకొండు నెలల ప్రపంచయాత్ర. "డాలస్ కూడా దారిలోనే పడుతుంది, మార్చిలో నాలుగు రోజులు ఆగుతాం" అని కూడా సెలవిచ్చారు. ఆ నాలుగు రోజులకీ హోటల్ తీసుకున్నారట. కన్నకొడుకు ఉన్న ఊళ్లో హోటల్! బాలింత ఉన్న ఇంట్లో మేం అడ్డమెందుకని ఆవిడ వివరణ. మీరు అడ్డం కాదమ్మా, అత్యవసరం అని ఆ అబ్బాయి ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఈ విషయాన్ని శాస్త్రప్రకారం చూద్దాం. వినాయక చవితి కథ ఏటా చదువుతాం, అక్షింతలు నెత్తిన వేసుకుంటాం, అందులోని న్యాయసూత్రాన్ని మాత్రం పట్టించుకోం. మూడు లోకాల్లోని నదులన్నిట్లో మునిగి ఎవరు ముందొస్తే వాళ్లకే విఘ్నాల మీద అధికారం అన్నాడు శివుడు. కుమారస్వామి నెమలెక్కి పోయాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ మూడుసార్లు తిరిగి గెలిచాడు. ఎందుకు గెలిచాడు? శివపార్వతులు ఇంట్లో ఉన్నారు కాబట్టి. ఆ పూట వాళ్లిద్దరూ నందినెక్కి షికారు పోయి ఉంటే వినాయకుడి గతేమిటి? తాళం వేసిన కైలాసం చుట్టూ తిరిగితే ఏ ఫలం దక్కుతుంది? పిల్లలన్నాక డాలస్ వెళ్తారు, మెల్‌బోర్న్ వెళ్తారు, రెండేళ్లకోసారి వచ్చి అమ్మానాన్నల చుట్టూ మూడు వారాలు తిరిగి పోతారు. మధ్యలో ఉండాల్సినవాళ్లు మధ్యలో ఉండాలి. వాళ్లే సూట్‌కేసులు కొనుక్కుంటే ఇక్కడ తిరగడానికి ఏముంటుంది, వాచ్‌మన్ తప్ప?

చట్టం సంగతి ఇంకా అన్యాయం. తల్లిదండ్రుల్ని పిల్లలు చూసుకోవాలని 2007లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసింది. చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, నెలనెలా మెయింటెనెన్స్ ఇప్పిస్తారు. సంతోషం. మరి పిల్లల పిల్లల్ని తల్లిదండ్రులు చూడకపోతే ఏ ట్రిబ్యునల్ గుమ్మం ఎక్కాలి? ఆ చట్టంలో దీనికి ఒక్క సెక్షన్ లేదు. డాలస్‌లో డేకేర్ ఖర్చు చూశాక ఆ అబ్బాయి చట్టమంతా రెండుసార్లు చదివాడట.

అన్నిటికన్నా బాధ కలిగించేది వాళ్ల అమెరికా వీసా. ఆ వీసా తీయించింది కొడుకు. అప్లికేషన్ నింపింది కొడుకు, ఫీజు కట్టింది కొడుకు. మొదటి మనవడి కాన్పుకి రావాలని తీయించాడు. ఆ వీసా కోసమే ఈ దంపతులు చిలుకూరు బాలాజీ గుళ్లో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు, వచ్చాక వెళ్లి 108 చేసి మొక్కు తీర్చుకున్నారు. అంటే ఆ ప్రదక్షిణల పుణ్యం న్యాయంగా డాలస్ ఖాతాలోది. ఇప్పుడు తెలిసిందేమిటంటే, పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదట, పెరూకీ అక్కర్లేదట. ఒక పద్దు కింద మంజూరైన నిధుల్ని ఇంకో పద్దుకి మళ్లించడం ఎంత నేరమో ఇరిగేషన్‌లో పనిచేసిన మనిషికి నేను చెప్పాలా?

ఇక టికెట్. విమాన కంపెనీలు కూటములు కట్టి రౌండ్ ది వరల్డ్ అని ఒక టికెట్ అమ్ముతున్నాయి. గడువు ఏడాది. అట్లాంటిక్ ఒకసారి, పసిఫిక్ ఒకసారి దాటాలి. తూర్పుగా మొదలుపెడితే తూర్పుగానే సాగాలి, ఖండం లోపల కాస్త అటూ ఇటూ తిరగనిచ్చినా సముద్రం దాటాక వెనక్కి రావడం కుదరదు. కొడుకు ఎంత బతిమాలినా టికెట్ రూల్సు ఒప్పుకోవన్నమాట. ఈ రూలు చదివాకే టీచరుగారు "ఇదే కొనండి" అన్నారని మా ఆవిడ ద్వారా తెలిసింది.

తూర్పుగా వెళ్తే మరో ధర్మసంకటం. శనివారం రాత్రి ఆక్లండ్‌లో విమానం ఎక్కితే అదే శనివారం మధ్యాహ్నం లాస్ ఏంజిలిస్‌లో దిగుతారు. అంతర్జాతీయ దినరేఖ మహిమ. టీచరుగారికి శనివారాలు ఒంటిపూట భోజనం. మరి ఆ వారం రెండు శనివారాలొస్తే? ఏకాదశి అయితే గొడవ లేదు, తిథి చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, గీత దాటినంత మాత్రాన మళ్లీ మొదలవదు. వారానికి ఆ సౌకర్యం లేదు. ఈ ప్రశ్నతో ఆవిడ ఆగిపోతారని ఆశపడ్డాను. "రెండో శనివారం నాది కూడా ఆయనే తింటారు" అన్నారు. పైగా నాకే పాఠం చెప్పారు. పడమరగా చుట్టొస్తే రోజు పెరగదు, పోతుందట. 1522లో, భూమిని మొదటిసారి చుట్టొచ్చిన మెగలన్ యాత్ర చివర్లో మిగిలిన ఓడ కేప్ వెర్డి దీవులు చేరితే, ఓడ లెక్కల్లో బుధవారం, ఒడ్డున గురువారం. సరే, చరిత్ర మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, ఆ యాత్రకి వెళ్లింది సుమారు 270 మంది, ఆ ఓడలో ఊరికి చేరింది 18 మంది, మెగలన్ ఫిలిప్పీన్స్‌లోనే పోయాడు కదా అన్నాను. "అందుకే మేం ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం" అన్నారు ఈఈ గారు.

ప్రయాణం చేయాలనే ఉంటే మన సంప్రదాయంలో ఏర్పాట్లు లేవా? సప్తసాగర యాత్ర ఉంది. పేరులోనే ఏడు సముద్రాలు. కాకినాడ పక్కన చొల్లంగిలో అమావాస్య స్నానంతో మొదలుపెట్టి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటల్లా మునుగుతూ అంతర్వేదిలో ముగిస్తారు. పాస్‌పోర్టు అడగరు, ఆర్టీసీ బస్సు చాలు. దూరమే కావాలంటే కాశీ ఉంది. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి పరివారంతో కాశీకి బయల్దేరి 1831లో గానీ తిరిగి రాలేదు. ఏడాది దాటింది, ఎవరూ తప్పు పట్టలేదు. ఎందుకంటే అది పుణ్యానికి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మనవాళ్లు అన్నారు, అంటే ఇంట్లోవాళ్లు ముందే మనసు సిద్ధం చేసుకుంటారు. ఊరికే చూడ్డానికి పోతాం, చూసి హాయిగా తిరిగొస్తాం అంటే మనసు దేనికి సిద్ధం చేసుకోవాలి?

ఆపడానికి నేను చేయని ప్రయత్నం లేదు. ఎల్లో ఫీవర్ టీకా అన్నాను, అరవై దాటినవాళ్లకి డాక్టరు చూసి గానీ వేయరన్నాను. హైదరాబాద్ నారాయణగూడలో ఈ టీకా వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో డాక్టరు చూశారు, వేశారు. ఆ పసుప్పచ్చ కార్డు ఇప్పుడు పూజగదిలో ఉంది. ఏటా బతికే ఉన్నామని ప్రభుత్వానికి రుజువు చూపిస్తే గానీ పింఛను రాదు, దానికైనా రావాలి కదా అన్నాను. ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలట. చివరి అస్త్రంగా ఆవకాయ ప్రయోగించాను. న్యూజిలాండ్‌లో తినే వస్తువు ఏది తెచ్చినా చెప్పి తీరాలి, చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా, వాళ్ల డాలర్లే అయినా తక్కువేం కాదు. పదకొండు నెలలు ఆవకాయ లేకుండా ఎలా అని అడిగాను. "ఊరగాయలు పెట్టీ పెట్టీ చేతులు అరిగిపోయాయండీ" అన్నారు టీచరుగారు. ఆ మాటకి ఈఈ గారి ముఖం ఒక్క క్షణం వాడింది. మొత్తం ఉద్యమంలో నాకు దక్కిన విజయం ఆ క్షణమే.

మధ్యలో ఒక ఎత్తుగడ కూడా వేశాను. విమానాలెందుకు, ఓడలో వెళ్లండి అన్నాను. దీనికో లెక్క ఉంది. ఇస్తాంబుల్ నుంచి మూడేళ్ల ప్రపంచయాత్ర అని టికెట్లు అమ్మి, తీరా ఓడే కొనలేక 2023 నవంబరులో రద్దు చేసిన కంపెనీ ఉంది. మరుసటి ఏడాది ఇంకో ఓడ మే నెలాఖరులో బెల్‌ఫాస్ట్ నుంచి కదలాల్సింది, రిపేర్లతో సెప్టెంబరు ఆఖరు దాకా అక్కడే ఉండిపోయింది. ఇలాంటి ఓడ ఎక్కిస్తే ప్రయాణం చేశామన్న తృప్తి వాళ్లకి, ఒకేచోట ఉన్నారన్న నిశ్చింత మనకి. ఈఈ గారు ఓడ వయసెంతని అడిగి నవ్వారు. డ్యాములు చూసిన మనిషి, పాతవాటిని నమ్మరు.

నిజానికి ఈ జబ్బు కొత్తది కాదు. కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అని చిన్న టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు రోజుకి 300 రూపాయలు పక్కన పెట్టి, చాలకపోతే అప్పు తెచ్చి, 26 దేశాలు తిరిగారు. తిరిగొచ్చి టీ కాచి అప్పు తీర్చేవారు, మళ్లీ బయల్దేరేవారు. 2021లో రష్యా చూసొచ్చారు, ఆ నవంబరులోనే విజయన్ పోయారు. వాళ్లకి పింఛను లేదు, రిటైర్మెంటే లేదు. వాళ్ల మీద ఏ అభ్యంతరం చెప్పాలో నాకింకా తట్టలేదు. తట్టగానే రాస్తాను.

ఈలోగా కాలనీకి జరిగే నష్టం చూడండి. మూడో అంతస్తులో నాలుగు ఫ్లాట్ల తాళాలు వాళ్లింట్లోనే ఉంటాయి. అమెజాన్ పార్సిళ్లు వాళ్లే తీసుకుంటారు. గ్యాసు బండ వచ్చినా, ఏసీ మెకానిక్ వచ్చినా, స్కూల్ బస్సు దిగిన పిల్లాడికి తల్లి ఇంకా ఆఫీసు నుంచి రాకపోయినా వాళ్ల బెల్లే కొడతాం. అసోసియేషన్ లెక్కలు ఈఈ గారే రాస్తారు, జీతం లేదు, బిస్కట్లు కూడా ఆయనవే. ఇంత బాధ్యత గల మనుషులు ఇంత బాధ్యత లేకుండా ఎలా ప్రవర్తిస్తారో అర్థం కావడం లేదు. ఈ పనులు మీరు చూసుకోండి అని నాతో అన్నారు. నాకెక్కడ తీరిక? నేను రిటైరయ్యాను.

ప్రభుత్వాలు వెంటనే స్పందించాలి. ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు ఆంధ్రలో 62, తెలంగాణలో 61. ఒక రాష్ట్రం వాళ్లు ఏడాది ముందే ప్రపంచం మీద పడే వీలు కల్పించడం ప్రాంతీయ అసమానత. రెండుచోట్లా 75 చేసేస్తే మోకాళ్లు ఆ పని చూసుకుంటాయి. అది కుదరదంటే, తాతయ్య నానమ్మల పాస్‌పోర్టుల మీద కొడుకో కూతురో సంతకం పెట్టి, ఏ ఊరు, ఎన్నాళ్లు, ఏ డ్యూటీ అన్నది రాసేలా ఒక జీవో తేవాలి.

జీవో వచ్చేలోపు డాలస్‌లో కాన్పు ఆగదు కాబట్టి ఆ అబ్బాయి అత్తగారికి ఫోన్ చేశాడు. ఆవిడ తెనాలిలో ఉంటారు. అన్నిసార్లూ పిలవగానే వెళ్లిన మనిషి. "వస్తాం బాబూ, దానికేం. కాకపోతే వదినగారు ఫొటోలు చూపించారు. వచ్చేటప్పుడు ఇస్తాంబుల్‌లో నాలుగు రోజులు ఆగుతాం. నీకు తెలిసిన హోటలేమైనా ఉందా? మీ మామగారు సముద్రం కనిపించే గది కావాలంటున్నారు" అందట.