సవరణ: డాక్టర్ చార్లెస్ డ్రూ మరణం గురించి

ఏప్రిల్ 1న డాక్టర్ చార్లెస్ డ్రూకి నివాళిగా పెట్టిన పోస్టులో ఒక తప్పు రాశాను. రక్తంలోని ప్లాస్మాను నిల్వ చేసే పద్ధతిని తీర్చిదిద్దిన ఈ అమెరికా నల్లజాతి డాక్టర్‌ని, కారు ప్రమాదం జరిగినప్పుడు తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోలేదని, రక్తం ఎక్కించక చనిపోయారని అన్నాను. అది నిజం కాదు.

1950లో ఆయన మరో ముగ్గురు డాక్టర్లతో అలబామా రాష్ట్రంలోని టస్కెగీ ఊళ్లో జరిగే ఉచిత వైద్య శిబిరానికి కారులో వెళ్తున్నారు. ఉదయం పూట, నార్త్ కరోలినాలో, స్టీరింగ్ దగ్గర ఉన్న డ్రూకి కునుకు పట్టింది, కారు పల్టీ కొట్టింది. దగ్గరలోని ఆసుపత్రిలో తెల్లజాతి డాక్టర్లే వెంటనే వైద్యం చేశారు. దెబ్బలు మరీ తీవ్రం కావడంతో బతకలేదు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. అదే కారులో ఉన్న తోటి డాక్టరు తర్వాత చెప్పింది ఇదే, చరిత్రకారులు తేల్చిందీ ఇదే. ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న కథ కదా అని చూసుకోకుండా రాసేశాను, తప్పు నాదే.

ఆ రోజుల్లో వివక్ష లేదని మాత్రం దీనికి అర్థం కాదు. రెడ్‌క్రాస్ మొదట నల్లవాళ్ల రక్తమే తీసుకోలేదు. 1942 నుంచి తీసుకున్నా వేరుగా ఉంచింది. దానికి శాస్త్రీయ ఆధారం లేదని డ్రూ బహిరంగంగానే అన్నారు. పోస్టులోని ఆ భాగం అలాగే ఉంచాను.

పాత పోస్టును షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా జత చేయండి.