మహారాజశ్రీ మనీ ఇన్ ది బ్యాంక్ పెట్టె గారికి

హైదరాబాదు,
4 ఆగస్టు 2025.

మహారాజశ్రీ మనీ ఇన్ ది బ్యాంక్ బ్రీఫ్‌కేసు గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది. తమరిని ఎరగనివాళ్ల కోసం ముందుగా ఒక మాట: డబ్ల్యు.డబ్ల్యు.ఇ. కుస్తీలో నిచ్చెనల పోటీ గెలిచినవాడికి తమరు దక్కుతారు, తమరి లోపలి ఒప్పందపత్రం చూపి అతడు ఏడాదిలోగా ఎప్పుడైనా, ఛాంపియన్ ఎంత అలసి ఉన్నా, బెల్టు కోసం పోరుకు దిగవచ్చు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద కనుక ఆ మాట రాశాను గాని, మా వైపున కుశలమేమీ లేదు. నిన్న ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు లేచి, ఇంట్లో ఎవరికీ నిద్రాభంగం కాకుండా చీకట్లో తడుముకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చున్న నేను, ఆ రోజు మధ్యాహ్నం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు. మీకు ఉత్తరం రాయవలసినంత కోపం రావడానికి ఇంకొక రోజు పట్టింది.

సమ్మర్‌స్లామ్‌ను, అంటే ఏటా వేసవిలో జరిగే ఆ కుస్తీ పండుగను, ఈ ఏడాది మొట్టమొదటిసారిగా రెండు రాత్రులకు సాగదీసినందుకు మీ యాజమాన్యాన్ని నేనేమీ అనడం లేదు. పూర్వం ఒక్క నిద్ర పోయేది, ఇప్పుడు రెండు పోయాయి, అంతే తేడా. జెల్లీ రోల్ అనే గాయకుడిని తెచ్చి కుస్తీ పట్టించినందుకు, అతడిని వ్యాఖ్యాతల బల్ల మీద పడుకోబెట్టి లోగన్ పాల్ పైనుంచి దూకుతుంటే దానిని కూడా మల్లయుద్ధమని మేము నమ్మవలసి వచ్చినందుకు కూడా నాకు పెద్దగా బాధ లేదు. పెళ్లిభోజనంలో అప్పడం మాడిందని ఎవరూ పంక్తిలోంచి లేచిపోరు. నా బాధంతా చివరి వడ్డన గురించి.

సి.ఎం. పంక్, అప్పటిదాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న గుంతర్ తలపడినప్పుడు తమరు తెర వెనుక ఎవరి చంకలోనో ఉన్నారు కనుక, ఆ పోరు ఎలా సాగిందో తమకు తెలిసే అవకాశం లేదు. గుంతర్ అరచేయి ఎదుటివాడి రొమ్ము మీద పడితే చాకిరేవులో బండ మీద తడిబట్ట బాదిన చప్పుడు వస్తుంది. అటువంటి దెబ్బలను నలభయ్యారేళ్ల పంక్ వరసగా తిన్నాడు, తిని నిలబడ్డాడు, తిరిగి కొట్టాడు, కాసేపటికి గుంతర్ ముఖమే నెత్తుటితో తడిసిపోయింది. 2013 జనవరిలో రాయల్ రంబుల్ నాడు 434 రోజుల ఏలుబడిని ది రాక్ చేతిలో పోగొట్టుకున్నప్పటి నుంచి ఈ సంస్థలో పంక్‌కు ప్రపంచ ఛాంపియన్ బెల్టు దక్కలేదు. మధ్యలో అలిగి వెళ్లిపోయాడు. దాదాపు పదేళ్ల తర్వాత, 2023 నవంబరులో, సొంత ఊరు షికాగోలో తిరిగి అడుగుపెట్టాడు. అంటే ఆ బెల్టు కోసం అతడు, అతనితో పాటు మావంటి వాళ్లం, పన్నెండేళ్లకు పైగా ఎదురుచూశాము. చివరికి గో టు స్లీప్ అనే తన మోకాటి దెబ్బతో గుంతర్‌ను నిద్రపుచ్చి అతడు గెలిచినప్పుడు, నిద్ర మానుకుని చూస్తున్న నాకు కళ్లు చెమర్చాయని చెప్పుకోవడానికి సిగ్గుపడను.

అప్పటికి తెల్లవారింది, మా నాన్నగారు లేచి వచ్చి పక్కన కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే మంత్రి వంటి పాల్ హేమన్ వెంటరాగా, ఈ ఏడాది తమరిని గెలుచుకున్న సెత్ రాలిన్స్ ఊతకర్రల మీద కుంటుకుంటూ వచ్చాడు. "ఆట అయిపోయింది కదరా, ఈ కాలు విరిగిన అబ్బాయి ఇప్పుడెందుకు వచ్చాడు పాపం?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కాఫీకని వంటింట్లోకి వెళ్లారు. ఆయన గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఊతకర్రలు నేల మీద ఉన్నాయి, పంక్ నేల మీద ఉన్నాడు, బెల్టు కుంటివాడి చేతిలో ఉంది. ఏం జరిగిందో ఆయనకు వివరించడానికి నాకు పావుగంట పట్టింది. పంక్ ఏలుబడి అంతసేపు కూడా సాగలేదు. మొత్తం విని ఆయన, "అయితే గెలిచింది ఎవరు?" అన్నారు. పంక్ గెలిచాడనీ, కాని రాలిన్స్ గెలిచాడనీ చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు తర్వాత మళ్లీ నిన్ననే చూశాను.

చీమలు పెట్టిన పుట్టలో పాము చేరిందని చిన్నప్పుడు పద్యంలో చదువుకున్నాము గాని, ఆ పాము ఏడాది పాటు చెల్లే ఒప్పందపత్రం చూపించి చేరుతుందని ఆ పద్యంలో లేదు. యుద్ధం ముగిసి అలసి పడుకున్న శిబిరం మీద పడ్డ అశ్వత్థామను మనవాళ్లు ఇన్ని వేల ఏళ్లుగా తిడుతూనే ఉన్నారు. పాపం, ఆయన చంకలో ఒక పెట్టె, ఆ పెట్టెలో ఒక కాగితం ఉండి ఉంటే ఆయనను కూడా తెలివైనవాడని మెచ్చుకుని బెల్టు కట్టేవాళ్లమేమో. తమరి బ్యాంకు పద్ధతి కూడా నాకు బోధపడలేదు. మా వీధిలోని బ్యాంకులో నా చెక్కును నాకు నగదు చేసి ఇవ్వడానికి సంతకం కలవలేదని రెండుసార్లు తిప్పి పంపారు. తమరి శాఖ మాత్రం శనివారం పొద్దుపోయాక, ఎనభై వేలమంది పట్టే మైదానం నడుమ, వరుసలో నిలబడే పని కూడా లేకుండా చెల్లింపు చేస్తుంది.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఆ ఊతకర్రల విషయం దగ్గరికి వస్తే మాత్రం నాకు మర్యాద గుర్తు రావడం లేదు. జూలై 12న అట్లాంటాలో ఎల్.ఏ. నైట్‌తో తలపడుతూ రాలిన్స్ గాలిలో పల్టీకొట్టి కాళ్ల మీద దిగి, మోకాలు పట్టుకుని కూలబడినప్పుడు, అది నటన కాదని నేను నమ్మాను. నటనను నమ్మడమే మా వృత్తి అని తమరు నవ్వవచ్చు. కాని మావంటి వాళ్లం ఒప్పందం ప్రకారం నమ్ముతాము. రింగులో పడే దెబ్బను నమ్మమంటే నమ్ముతాము, పగను నమ్మమంటే నమ్ముతాము, గాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నిజమైనదని అనుకుంటాము, ఎందుకంటే ఈ పనిలో నిజంగా విరిగేవి ఎముకలే. ఆ మూడు వారాల పాటు మోకాలిలో ఏ నరం ఎక్కడ ఉంటుందో, తెగితే ఎన్ని నెలలు పడుతుందో నేను చదవని వ్యాసం లేదు. మా అమ్మ మోకాలి నొప్పి గురించి అంత చదివి ఉంటే ఆమె ఎంతో సంతోషించేది. చిలుకూరులో నా సొంత పని మీద చేసిన పదకొండు ప్రదక్షిణలలో ఒకదానిని రాలిన్స్ మోకాలి పేర లెక్క కట్టాను. దానివల్ల నా ఖాతాలో పదే మిగిలాయి, నా పని ఇప్పటికీ కాలేదు, ఆ మోకాలికి మాత్రం అసలు జబ్బే లేదని నిన్న తెలిసింది. ఇది మోసం కాదా? దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టి సెలవు తీసుకున్న గుమాస్తాకు మెమో ఇస్తారు. ఇతడికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఇచ్చారు!

అదీగాక ఇతడు మాకు పరాయివాడు కాడు. 2023 సెప్టెంబరు 8న మా గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనాతో జట్టుగా వచ్చినప్పుడు, అతడి పాటకు గొంతు పోయేలా రాగం తీసిన వాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు కార్యాలయంలో సైగలతో పని నెట్టుకొచ్చాను. ఆ గొంతుకు ఇదా బదులు?

న్యాయంగా మాట్లాడాలంటే పంక్ కూడా తమరి పాత ఖాతాదారుడేనని ఒప్పుకోవాలి. 2008లో ఎడ్జ్ మీద, 2009లో అప్పుడే నిచ్చెన ఎక్కి బెల్టు అందుకుని ఊపిరి పీల్చుకుంటున్న జెఫ్ హార్డీ మీద, అతడు తమరిని ప్రయోగించినప్పుడు నేను మంచం మీద ఎగిరి గంతులు వేశాను. 2015లో ఇదే రాలిన్స్ ఏటా జరిగే పెద్ద వేడుక రెజిల్‌మేనియాలో బ్రాక్ లెస్నర్, రోమన్ రెయిన్స్ కొట్టుకుంటున్న నడిమధ్యలో దూరి బెల్టు ఎత్తుకుపోతే అంతకన్నా గొప్ప దొంగతనం లేదని స్నేహితులతో వాదించాను. గోతికాడ నక్కలను పెంచి పోషించింది మేమేనన్న మాట నిజం. అయితే అన్నీ ఒకటి కావు. 2006లో రాబ్ వాన్ డామ్ ముందుగా తేదీ చెప్పి, ఎదురుగా నిలబడి సీనాను ఓడించాడు. 2012లో సీనా కూడా ముందే చెప్పి పంక్ మీద వాడి, బెల్టు దక్కించుకోలేకపోయాడు. ఆ రెండూ ఈనాడు ఎవరికీ గుర్తులేవు. పెద్దమనిషి తరహాలో వాడితే తమరికి పేరు రాదు, అది తమరి దౌర్భాగ్యం.

అసలు ఈ వేసవిలో తమరి కుటుంబం ఒక్క పోరుతో ఆగిందా? రాలిన్స్ మోకాలు పట్టుకున్న మర్నాడే, అదే అట్లాంటాలో, ఆడవాళ్ల కుస్తీ పండుగ ఎవల్యూషన్ ఆఖరి పోటీలో ఛాంపియన్ ఇయో స్కై, రియా రిప్లీ తలపడ్డారు. ఒకరు గాలిలో ఉంటే ఇంకొకరు భూమిని పట్టుకుని ఉన్నారు. ఎవరు ఓడినా చూసేవాడికి బాధ కలిగేలా, నెలలోకెల్లా మేలైన పోరని ఆటలో సగానికే తేల్చుకోగలిగేలా వాళ్లు పోరాడారు. అప్పుడు తమరి చెల్లెలు గారిని, అంటే ఆడవాళ్ల పెట్టెను, పట్టుకుని నయోమి పరుగెత్తుకు వచ్చింది. ఇయో బెల్టూ పోయింది, రియా ఆశా పోయింది. ఇరవై రోజుల వ్యవధిలో రెండు ప్రపంచ బెల్టులు, రెండు గొప్ప పోరులు, రెండు పెట్టెల పాలయ్యాయి.

ఈ ఉపద్రవంలో ఒక ఊరట కనిపించి, సమ్మర్‌స్లామ్ రెండో రాత్రి చూడడానికి ఈ తెల్లవారుజామున ధైర్యంగా లేచాను. అన్నా, చెల్లెలూ ఇద్దరూ ఖాళీ అయిపోయారు కదా, మళ్లీ నిచ్చెనలు వేసి కొత్త పెట్టెలు కట్టేదాకా గంట మోగితే ఆట ముగిసినట్టేనని అనుకున్నాను. కోడీ రోడ్స్, జాన్ సీనా వీధిపోరాటం నిజంగానే ఆ నమ్మకాన్ని నిలబెట్టింది. రెజిల్‌మేనియాలో బెల్టుతో కొట్టి బెల్టు గెలిచిన సీనా, ఈసారి పాత సీనాలాగా పోరాడి, ఏ వంకా లేకుండా ఓడిపోయి, హుందాగా నిలబడ్డాడు. మా నాన్నగారు "ఇప్పుడు గెలిచింది ఎవరో తెలిసింది" అని కాఫీకి లేచారు. నేను ఆయనను కూర్చోమన్నాను, వినలేదు.

ఆయన వంటింట్లో ఉండగా బ్రాక్ లెస్నర్ వచ్చాడు. రెండేళ్లుగా జాడ లేనివాడు, చేతిలో పెట్టె లేదు, కాగితం లేదు, కనీసం ఊతకర్ర లేదు, వచ్చి సీనాను ఎత్తి కుదేసి వెళ్లిపోయాడు. తమరు లేకపోయినా తమరి అలవాటు రింగులోనే ఉండిపోయింది. మా నాన్నగారు తిరిగి వచ్చి తెర వైపు చూసి ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.

రాలిన్స్‌కు బెల్టు ఉండనివ్వండి, ఎలాగూ ఎవరో ఒకరు గెలిచిన మరుక్షణం ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. నేను కోరేది చాలా చిన్నది. అతడి మోకాలికి ఖర్చయిన ఆ ఒక్క ప్రదక్షిణను, వీలైనంత త్వరగా, నా ఖాతాకు తిరిగి జమ చేయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
పది ప్రదక్షిణల భక్తుడు.