‘న్యాయమే గానీ’లో ఉండే ‘గానీ’కి

గానీ!

క్షేమమా అని అడగను. నువ్వెప్పుడూ క్షేమంగానే ఉంటావు. ఉన్నవి రెండే అక్షరాలు. ముందు ఎంత పెద్దమాట కూర్చున్నా, నువ్వొచ్చి పక్కన చేరితే చాలు, అది లేచి నీకు చోటిచ్చి నిలబడుతుంది. పదిహేనేళ్లుగా పొద్దున తిరుపతిలో ఎక్కి చిత్తూరులో దిగే ఉద్యోగిని గనక నాకు బస్సు పోలికలే తోస్తాయి. ‘వాళ్లు అడిగేది న్యాయమే’ అన్నది క్యూలో నిలబడి ఎక్కిన ముసలాయన. నువ్వు కిటికీలోంచి వచ్చి పడే కర్చీఫ్‌వి.

నిన్ను నేను మొదటిసారి సరిగ్గా గుర్తుపట్టింది 2012 చివర్లో, మా ఆఫీసులో, మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ. మా సీనియర్ ఒకాయన కొడుకు సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్. ఆ నవంబర్ 26న అక్కడ 171 మంది బస్సు డ్రైవర్లు డ్యూటీకి పోకుండా ఉండిపోయారు. మర్నాడు 88 మంది. అందరూ చైనా నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్ల బాధ లెక్కల మాస్టారికి చెప్పినా అర్థమయ్యేదే. ఒకే కంపెనీ, ఒకే బస్సు, ఒకే పని. మలేసియా నుంచి వచ్చిన డ్రైవర్‌కి నెలకి 1,400 డాలర్ల మూలజీతం, చైనా నుంచి వచ్చినవాడికి 1,075. తేడా 325 సింగపూర్ డాలర్లు, అప్పటి మన లెక్కలో 14 వేల పైచిలుకు. అది చాలదన్నట్టు పడుకునే గదుల్లో నల్లులు. తలా ఒక షిఫ్టు వాళ్లని ఒకే గదిలో పెడితే ఒకడు నిద్రపోయే వేళకి ఇంకొకడి అలారం మోగేది.

మా సీనియర్ పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటూ ఇదంతా చెప్పి, “పాపం, వాళ్లు అడిగేది న్యాయమే...” అన్నాడు. ముక్క చప్పరించాడు. టెంకని క్యారియర్ మూతలో పెట్టాడు. “గానీ, ఒప్పుకుని సంతకం పెట్టే కదా వచ్చారు! మావాడు ఆ రోజు ఆఫీసుకి ఇరవై నిమిషాలు లేటంట.”

ఇరవై నిమిషాలు, నెలకి 325 డాలర్లు. తక్కెడలో ఏది బరువో ఆ మూతలోని టెంకకి కూడా తెలుసు. అయినా నువ్వు తూకం వేసేశావు.

అక్కడ కూడా నీకు పనికి కొదవలేదు. ఒకే పనికి ఒకే జీతం ఇవ్వకపోతే ఎట్లా అని అడిగిన సింగపూర్ వాళ్లూ ఉన్నారు. నచ్చకపోతే వాళ్ల దేశానికి పొమ్మను అన్నవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్లందరికీ నువ్వే దిక్కు. న్యాయమే గానీ చట్టం చట్టమే కదా. నిజమే, బస్సు లాంటి అత్యవసర సర్వీసులో సమ్మె చేయాలంటే అక్కడ 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీళ్లు ఇవ్వలేదు. న్యాయమే గానీ వసతీ కరెంటూ కంపెనీయే ఇస్తోంది కదా. వసతి అంటే ఆ నల్లుల గదే. గదుల విషయంలో ఇంకొంచెం బాగా చూసుకోవాల్సిందని తర్వాత కంపెనీయే ఒప్పుకుందనుకో. ఆ దేశంలో 1986 తర్వాత అదే మొదటి సమ్మె. పాతికేళ్లకు పైగా అలవాటు లేని దృశ్యం కదా, జనానికి టెన్షన్ పుట్టిందంటే పుట్టదూ? చివరికి 29 మందిని పర్మిట్లు రద్దు చేసి ఇంటికి పంపారు. ఐదుగురికి ఆరేడు వారాల జైలు పడింది. ‘న్యాయమే’ విమానం ఎక్కి చైనా వెళ్లిపోయింది. నువ్వు మాత్రం అక్కడే పర్మనెంట్ రెసిడెంట్.

మా ఊళ్లో నీ సంగతి వేరు. ఇక్కడ పుట్టావేమో అనిపించేంత కలిసిపోయావు. మే నెలలో మా గంగజాతర చూశావుగా. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, రోజుకొకటి. నువ్వు కూడా అంతే. బస్సులు ఆగిన మొదటి రోజు బైరాగి వేషంలో వస్తావు. “న్యాయమే గానీ, ఎంత సంపాదించినా పోయేటప్పుడు పట్టుకుపోతామా సామీ” అంటావు, టీ బంకు దగ్గర, బన్ను తింటూ. రెండో రోజు బండ వేషం. నోటికొచ్చినట్టు తిడతావు, జాతర కదా అని అందరూ ఊరుకుంటారు. నాలుగో రోజుకి దొర వేషం. “న్యాయమే గానీ, సంస్థ నష్టాల్లో ఉంది. ఇష్టం లేనివాడు మానుకోవచ్చు.” ఇలా అనేవాడి పేరు మీద ఆ సంస్థలో ఒక సీటు కూడా ఉండదు, కర్చీఫ్ వేస్తే తప్ప.

ఒకటే తేడా. గంగమ్మ వేషాలు మార్చింది దాక్కున్న దుర్మార్గపు పాళెగాణ్ణి బయటికి రప్పించడానికి అని మా పెద్దవాళ్లు చెబుతారు. నీ వేషాలన్నీ వాడు లోపలే హాయిగా ఉండటానికి.

నేనేమీ పత్తిత్తునని కాదు. 2015 మే 6న ఆర్టీసీ సమ్మె మొదలైంది. 43 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, అడిగారు. అదే వారంలో మదనపల్లెలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. జీపులో డ్రైవర్ పక్కన నలుగురం, గేరు నా మోకాళ్ల మధ్య, ఒళ్లో పెళ్లి చీరల సంచి. భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే గేరు మార్చినప్పుడల్లా నేను కాళ్లు ఎడంగా జరపాలి. మామూలు టికెట్‌కి మూడింతలు. ఆ జీపువాడి మీద ఒక్క మాట అనలేదు నేను. దారి పొడవునా డ్రైవర్ల గురించే, “అడిగేది న్యాయమే గానీ పెళ్లిళ్ల సీజన్‌లోనా?” అని. మరి ఎప్పుడు? మార్చిలో పిల్లల పరీక్షలు. ఏప్రిల్, మే కొండకి రద్దీ. జూన్‌లో బడులు తెరుస్తారు. తర్వాత బ్రహ్మోత్సవాలు, దసరా, దీపావళి, వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి. జీతం పెంచమని అడగడానికి ఎవరికీ ఇబ్బంది లేని రోజు పంచాంగంలో ఎక్కడైనా ఉంటే ఫిబ్రవరి 30 అయ్యుండాలి.

ఎనిమిది రోజులయ్యాక 43 శాతమూ ఇచ్చారు. అడిగినంతా ఇచ్చారంటే అడిగింది న్యాయమేగా! మరి ఆ ఎనిమిది రోజులూ జరిగిందేమిటి? నువ్వు డ్యూటీలో ఉన్నావు, అంతే. అన్నట్టు, మా ఆఫీసులో డీఏ బకాయిల మాట వచ్చినప్పుడు నువ్వెప్పుడూ కనబడవు. ఆ రోజు క్యాజువల్ లీవు పెడతావా?

ఈ ఉత్తరం ఇప్పుడెందుకంటే, పోయిన ఆదివారం జరిగిందొకటి చెప్పాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి అతని కొడుకు కువైట్‌లో బస్సు తోలుతాడు, కూలీలని పనిచోటికి చేర్చే కంపెనీ బస్సు. మూడు నెలలుగా జీతం లేదు. పైగా అదే బస్సు తోలే వేరే దేశపోడికి వీడికన్నా ఎక్కువంట. ఈ సంగతి తెలిసి వీధి వీధంతా భగ్గుమంది. “అన్యాయం!” అన్నారు. అక్కడ ఫుల్‌స్టాప్. ఒక్కరి నోటా నువ్వు లేవు. నాకైతే ఆశ్చర్యమేసింది, ఊరు మారిపోయిందా అని.

అతను నా తెల్లచొక్కా పరిచి, నీళ్లు చిలకరించి, బొగ్గులపెట్టె ఆనించాడు. కాలర్ అయ్యింది, భుజాలయ్యాయి. వీపు మీదికి వచ్చాక, తల ఎత్తకుండానే అడిగాడు.

“మావోడూ, రూములో ఉండే ఇంకో పదిమందీ, రేపట్నుంచి బండి తీయం అని కూసుంటారంట సామీ. నువ్వు సదువుకున్నోడివి. మంచిదేనంటావా?”

“వాళ్లు అడిగేది న్యాయమే...” అన్నాను.

అతను తలెత్తాడు. చెయ్యి ఆగిపోయింది. నా నోటి వైపే చూస్తున్నాడు. నువ్వు అప్పటికే వచ్చి నాలిక మీద కూర్చున్నావు. నిన్ను ఉమ్మలేక, మింగలేక నేను. ఆ మాట ఎటు తిరుగుతుందో తెలియక అతను.

చొక్కా కాలిన వాసన వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

ఇట్లు,
వీపు మీద త్రికోణం మచ్చ ఉన్న తెల్లచొక్కావాడు,
తిరుపతి.