ఎక్స్‌బాక్స్‌ను అమ్మలేదు, కానీ ఆ మదుపరుల లెక్కే నెగ్గింది

2013 నవంబరులో పాల్ ఘఫారీ అనే పెట్టుబడుల అధికారి ఒక ఇంటర్వ్యూ ఇచ్చారు. ఆయన చూసుకునేది బిల్ గేట్స్‌తో కలిసి మైక్రోసాఫ్ట్‌ను పెట్టిన పాల్ అలెన్ డబ్బు. మైక్రోసాఫ్ట్ వీడియో గేమ్ యంత్రం ఎక్స్‌బాక్స్ బాగా విజయవంతమైన సరుకేనని ఒప్పుకుంటూనే, దాన్నీ సెర్చ్ వ్యాపారాన్నీ వదిలించుకుని కంపెనీ తనకు బాగా వచ్చిన పని మీద దృష్టి పెట్టాలని ఆయన తేల్చేశారు. కంపెనీ పెట్టిన మనిషి ఇంటి నుంచే ఆ మాట రావడంతో, అప్పటిదాకా వాల్‌స్ట్రీట్‌లో నలుగుతున్న వాదన బాహాటంగా బయటపడింది. అదే నెలలో నొమురా సంస్థ విశ్లేషకుడు రిక్ షెర్లండ్ ఎక్స్‌బాక్స్ నష్టాలను అంకెలు వేసి మరీ చూపించారు. మైక్రోసాఫ్ట్ తర్వాతి సీఈఓ రేసులో ఉన్న స్టీఫెన్ ఈలప్ తనకు పదవి దక్కితే ఎక్స్‌బాక్స్‌ను అమ్మే ఆలోచనలో ఉన్నారని బ్లూమ్‌బర్గ్ రాసింది.

ఎక్స్‌బాక్స్ అమ్ముడుపోలేదని మనకు తెలుసు. సత్య నాదెళ్ల దాన్ని ఉంచుకోవడమే గాక, ఆ తర్వాత గేమింగ్ మీద వేల కోట్ల డాలర్లు గుమ్మరించారు. అందుకే ఈ కథను చాలామంది దూరదృష్టి ఉన్న సీఈఓ, హ్రస్వదృష్టి ఉన్న మదుపరులు అన్నట్టుగా చెబుతారు. నాకు మాత్రం అది సగం కథలాగే కనిపిస్తుంది. మదుపరుల డిమాండ్‌ను కంపెనీ తోసిపుచ్చింది, వాళ్లు చేతిలో పట్టుకొచ్చిన కొలబద్దను మాత్రం లోపల పెట్టుకుంది. దాని దెబ్బ ఇప్పుడు తగులుతోంది.

ముందు ఆ ఒత్తిడి ఎలా పనిచేస్తుందో చూడాలి. 2013 ఏప్రిల్‌లో వాల్యూయాక్ట్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో ఫండ్ దాదాపు 200 కోట్ల డాలర్ల మైక్రోసాఫ్ట్ షేర్లు కొన్నట్టు ప్రకటించింది. వినడానికి పెద్ద మొత్తమే, కంపెనీలో వాటాగా చూస్తే ఒక్క శాతం కూడా లేదు. అయినా ఆగస్టు 23న అప్పటి సీఈఓ స్టీవ్ బాల్మర్ తాను దిగిపోతున్నట్టు ప్రకటించారు, వారం తిరగకుండా ఆగస్టు 30న వాల్యూయాక్ట్‌కు బోర్డులో సీటు ఇచ్చేందుకు మైక్రోసాఫ్ట్ ఒప్పందం రాసుకుంది. 2014లో ఆ ఫండ్ ప్రెసిడెంట్ మేసన్ మోర్ఫిట్ డైరెక్టర్‌గా వచ్చి కూర్చున్నారు. బాల్మర్ నిర్ణయం వెనక ఇంకా చాలా కారణాలున్నాయి, ఫండ్ ఒక్కటే దించేసిందనడం అతిశయోక్తి. కానీ శాతం కూడా లేని వాటాకు బోర్డు సీటు ఊరికే రాదు.

కిటుకు ఎక్కడుందంటే, పెద్ద కంపెనీల షేర్లలో చాలా భాగం మ్యూచువల్ ఫండ్లు, పెన్షన్ ఫండ్ల చేతుల్లో ఉంటాయి. అవి పైకి ఏమీ అనవు, షేరు ఏళ్ల తరబడి కదలకపోతే లోపల మాత్రం విసిగిపోయి ఉంటాయి. యాక్టివిస్ట్ మదుపరి చేసేదల్లా ఆ విసుగును పసిగట్టి దానికి గొంతు ఇవ్వడం. సర్వసభ్య సమావేశంలో డైరెక్టర్ల ఎన్నికకు పోటీ అభ్యర్థులను నిలబెడితే ఈ మూగ వాటాదారులు ఎటు ఓటేస్తారో బోర్డుకు నమ్మకం ఉండదు. ఓటింగ్ దాకా వెళ్లి పరువు పోగొట్టుకోవడం కన్నా ముందే ఒక కుర్చీ వేయడం చవక. వాల్యూయాక్ట్‌ది మెతక పద్ధతి. ఎక్స్‌బాక్స్‌ను అమ్మేయమని అది రోడ్డెక్కి అరవలేదు, ఆ పని విశ్లేషకులూ ఇతర మదుపరులూ చేసిపెట్టారు.

వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. 2001లో మొదలైన ఎక్స్‌బాక్స్ చాలా ఏళ్లు డబ్బు తాగింది. ఎక్స్‌బాక్స్ 360 యంత్రాలు ముందు భాగంలో ఎర్ర లైట్లు వెలిగి మూలనపడుతుంటే, 2007 జులైలో వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. 2013 వేసవిలో ఎక్స్‌బాక్స్ వన్‌కు 499 డాలర్ల ధర పెట్టారు. ఆడేవాళ్ల కదలికలు గుర్తుపట్టే కినెక్ట్ కెమెరాను అడగని వాళ్లకు కూడా అంటగట్టడం వల్ల పడిన ధర అది. సోనీ ప్లేస్టేషన్ 4కు 399 అంది. వాడిన గేమ్ డిస్కుల మీద ఆంక్షలు పెట్టబోయి, జనం తిట్టిపోస్తే వెనక్కి తగ్గారు. ఇవన్నీ చూస్తున్న వాటాదారుడికి ఒళ్లు మండదా మరి?

అన్నిటికన్నా అసలు గొడవ పద్దు పుస్తకంలో ఉంది. అప్పట్లో ఎక్స్‌బాక్స్, స్కైప్, విండోస్ ఫోన్ అన్నీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ డివైజెస్ అనే ఒకే విభాగం కింద ఉండేవి. ఆండ్రాయిడ్ ఫోన్లు చేసే కంపెనీలు మైక్రోసాఫ్ట్ పేటెంట్లకు కట్టే రాయల్టీలు కూడా అందులోనే జమయ్యేవి. ఆ రాయల్టీలు ఏడాదికి 200 కోట్ల డాలర్లు ఉంటాయని, అందులో ఖర్చు అంటూ దాదాపు ఏమీ ఉండదు కాబట్టి అంతా లాభమేనని షెర్లండ్ అంచనా వేశారు. అది తీసేస్తే మిగతా విభాగం 250 కోట్ల డాలర్ల నష్టంలో ఉంటుందని, అందులో 200 కోట్లు ఎక్స్‌బాక్స్ వాటా అని చెప్పారు. ఉమ్మడి కుటుంబంలో ఒక తమ్ముడు తెచ్చే జీతంతో ఇంకో తమ్ముడి వ్యాపారం అప్పులు తీరుస్తూ, బయటివాళ్లకు మాత్రం మా ఇల్లు చల్లగా ఉందని చెప్పుకున్నట్టు ఉండేది ఆ పద్దు. షెర్లండ్ అంకెలు అంచనాలే. అయితే అంచనా వేయాల్సిన పరిస్థితి తెచ్చింది కంపెనీయే. నిజం చెప్పాలంటే, ఆ ఏడాది మదుపరులు అడిగిన వాటిలో అన్నిటికన్నా న్యాయమైనది ఎక్స్‌బాక్స్ లాభనష్టాలు విడిగా చూపించమనే మాట. అమ్మాలా వద్దా అన్న రచ్చలో అది కొట్టుకుపోయింది.

2014 ఫిబ్రవరి 4న నాదెళ్ల సీఈఓ అయ్యారు. మన దగ్గర ఆ వార్త హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడి కథగా, క్రికెట్ పిచ్చి కథగా మారుమోగింది. ఆయన ముందున్న ఫైళ్లలో ఎక్స్‌బాక్స్ భవిష్యత్తు ఒకటన్న సంగతి మన టీవీ చర్చల్లో పెద్దగా కనిపించలేదు. ఆ మేలో బిల్ గేట్స్‌ను టీవీలో అడిగితే, ఎక్స్‌బాక్స్‌ను విడగొట్టాలని సత్య అనుకుంటే తప్పకుండా మద్దతిస్తానన్నారు. వ్యవస్థాపకులిద్దరిలో ఒకరి మనిషి అమ్మేయమన్నారు, రెండోవారు అమ్మినా అడ్డుపడనన్నారు. కొత్త సీఈఓకు ఇంతకన్నా సులువైన దారి ఉండదు. ఆ విభాగం పగ్గాలు అందుకున్న ఫిల్ స్పెన్సర్ కూడా, గేమింగ్‌లో అసలు ఉండాలా అన్న చర్చ అప్పట్లో గట్టిగానే నడిచిందని తర్వాత చెప్పుకున్నారు.

జులై 10న ఉద్యోగులకు రాసిన లేఖలో నాదెళ్ల ఏం చేశారన్నది గమనించదగ్గది. పని చేసుకోవడానికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్, క్లౌడ్ తమ ప్రధాన వ్యాపారమని, ఎక్స్‌బాక్స్ దాని బయటే ఉందని ముందు ఒప్పుకున్నారు. ఆ తర్వాత, మొబైల్ కాలంలో జనం ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పెట్టేది గేమింగ్ మీదేనని, కాబట్టి ఉంచుకుంటామని రాశారు. అంతటితో ఆగలేదు. విండోస్‌లో గ్రాఫిక్స్, స్కైప్‌లో మాటలు గుర్తుపట్టే సాంకేతికత, అజూర్ క్లౌడ్‌లో మెరుగులు ఎక్స్‌బాక్స్ కోసం చేసిన పని నుంచి వచ్చినవేనని జాబితా ఇచ్చారు. ఇది చాలా తెలివైన సమర్థన. ప్రమాదకరమైనది కూడా. గేములు బాగుంటాయి కాబట్టి ఉంచుకుంటాం అనకుండా, ప్రధాన వ్యాపారానికి పనికొస్తుంది కాబట్టి ఉంచుకుంటాం అంటే, పనికిరాని రోజున ఏమవుతుందో ఆ వాక్యంలోనే రాసిపెట్టినట్టు. వారం తర్వాత 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు, ఎక్స్‌బాక్స్ కోసం టీవీ కార్యక్రమాలు తీయడానికి పెట్టిన స్టూడియోను మూసేశారు. సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లు పెట్టి మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మొజాంగ్‌ను కొంటున్నట్టు చెప్పారు.

మదుపరుల జోస్యాలు ఎంత నికరమో చూడాలంటే సోనీ వైపు తిరగాలి. 2013లోనే థర్డ్ పాయింట్ ఫండ్ అధినేత డేనియల్ లోబ్, సోనీ తన సినిమాలు, సంగీతం వ్యాపారంలో 15 నుంచి 20 శాతం వాటాను మార్కెట్లో అమ్మాలని పట్టుబట్టారు. సోనీ కుదరదంది. 2019లో అదే లోబ్ మళ్లీ వచ్చారు. ఈసారి చిప్‌ల వ్యాపారాన్ని విడగొట్టి వినోద సంస్థగా మిగలమన్నారు. ఆరేళ్లలో సలహా తలకిందులైంది, సలహా ఇచ్చేటప్పటి ధీమా మాత్రం తగ్గలేదు. సోనీ రెండోసారీ ఒప్పుకోలేదు. ఇవాళ సోనీకి అన్నిటికన్నా ఎక్కువ ఆదాయం తెచ్చేది గేమింగ్. ఘఫారీ వదిలించుకోమన్న రెండో వ్యాపారం బింగ్ సంగతీ అంతే. 2023లో మైక్రోసాఫ్ట్ తన ఏఐ చాట్‌ను జనం ముందుకు తెచ్చింది ఆ బింగ్‌లోనే.

ఇంకో తమాషా ఉంది. మైక్రోసాఫ్ట్ బోర్డులో కూర్చుని లేచి వెళ్లిన వాల్యూయాక్ట్, 2020లో 110 కోట్ల డాలర్లకు పైగా పెట్టి నింటెండోలో వాటా కొంది. గేమ్‌ల కంపెనీలోనే! ఆ ఏడాది ఆగస్టులో స్పెన్సర్ తన సహోద్యోగులకు రాసిన ఈమెయిల్ ఒకటి, 2023లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా వాణిజ్య కమిషన్ నడిపిన కేసు పత్రాలతో పొరపాటున బయటికొచ్చింది. నింటెండోను కొనగలిగితే తన కెరీర్‌లోనే గొప్ప ఘట్టమవుతుందని, ఒకప్పుడు మన బోర్డులో ఉన్న వాల్యూయాక్ట్ అక్కడ షేర్లు పోగేస్తోంది కాబట్టి దానివల్ల ఏమైనా కదలిక రావచ్చని అందులో ఉంది. ఒకప్పుడు ఏ రకం మదుపరుల వల్ల ఎక్స్‌బాక్స్ బతుకు ప్రశ్నార్థకమైందో, ఆ రకం మదుపరి పక్క కంపెనీ మీద పెట్టే ఒత్తిడి తనకు కలిసొస్తుందేమోనని అదే ఎక్స్‌బాక్స్ అధిపతి ఎదురుచూశారన్నమాట. శాశ్వత శత్రువు అంటూ ఈ రంగంలో ఎవరూ లేరు.

ఇక అసలు విషయం. 2020 సెప్టెంబరులో జెనీమ్యాక్స్ అనే గేముల కంపెనీని 750 కోట్ల డాలర్లకు, 2022 జనవరిలో ఇంకో గేముల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. రెండోది నియంత్రణ సంస్థలతో పోరాడి 2023 అక్టోబరు 13న పూర్తయింది. అమ్మేయమన్న వాళ్లకు ఇంతకు మించిన జవాబేముంటుంది అనిపిస్తుంది. కానీ విభాగం ఇంత పెద్దదయ్యాక దాన్ని ఇష్టానికి నడపనిచ్చే స్వేచ్ఛ పోయింది. మైక్రోసాఫ్ట్‌లో ఒక డాలరు పెట్టుబడి అడిగే ప్రతివాడూ క్లౌడ్‌తో, ఏఐతో పోటీ పడాలి. 2025 ఆర్థిక సంవత్సరంలో ఏఐ డేటా సెంటర్లకే 8,000 కోట్ల డాలర్లు పెడతామని కంపెనీ చెప్పింది. ఆఫీస్, అజూర్ తెచ్చే లాభాల పక్కన కన్సోల్ (గేమ్ యంత్రాల) వ్యాపారం ఎప్పుడూ నాసిగానే కనిపిస్తుంది. యంత్రం అమ్మకం మీద తాము ఏనాడూ లాభం చూడలేదని 2021లో గేముల కంపెనీ ఎపిక్‌కూ ఆపిల్‌కూ మధ్య నడిచిన కేసులో మైక్రోసాఫ్ట్ అధికారిణి కోర్టులోనే చెప్పారు. గేములు, సభ్యత్వాల మీద రావాలి డబ్బు.

2024 జనవరిలో గేమింగ్‌లో 1,900 ఉద్యోగాలు పోయాయి. మేలో నాలుగు స్టూడియోల జాతకం ఒక్క ఈమెయిల్‌తో మారిపోయింది. వాటిలో టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్ ఒకటి. ఏడాది క్రితమే హై-ఫై రష్ అనే గేమ్ చేసి అవార్డులు తెచ్చిన స్టూడియో అది. దాన్ని మూస్తున్నట్టు చెప్పిన మర్నాడు జరిగిన సమావేశంలో, మనకు పేరు, అవార్డులు తెచ్చే చిన్న గేములు కావాలని స్టూడియోల అధిపతి మ్యాట్ బూటీ అన్నట్టు ద వెర్జ్ రాసింది. ఆ మాట విన్న టాంగో వాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో! మూడు నెలలకు కొరియా కంపెనీ క్రాఫ్టన్ ఆ బృందాన్నీ గేమ్‌నూ తీసుకుంది. 2025 జులైలో కంపెనీ మొత్తం మీద 9,000 మందిని తీసేసినప్పుడు ది ఇనీషియేటివ్ స్టూడియో మూతపడింది, పర్ఫెక్ట్ డార్క్, ఎవర్‌వైల్డ్ గేములు ఆగిపోయాయి. అక్టోబరులో, చందా కట్టి చాలా గేములు ఆడుకునే గేమ్ పాస్ అల్టిమేట్ సేవ నెల చందా 19.99 డాలర్ల నుంచి 29.99కి ఎగబాకింది.

వీటి వెనక ఏముందో ఆ నెలాఖరులో బ్లూమ్‌బర్గ్ రాసింది. గేమింగ్ విభాగం 30 శాతం లాభాల మార్జిన్ (వచ్చిన వంద డాలర్లలో 30 లాభంగా మిగలడం) సాధించాలని 2023లోనే మైక్రోసాఫ్ట్ లక్ష్యం పెట్టిందట. గేముల పరిశ్రమలో సాధారణంగా కనిపించే మార్జిన్ల కన్నా ఇది చాలా ఎక్కువ. ఈ లక్ష్యం పెట్టడానికి బయటి నుంచి ఏ ఫండూ ఉత్తరం రాయనక్కర్లేకపోయింది. ప్రధాన వ్యాపారం లాభాలతో పోల్చి మిగతావాటిని తూచాలన్న 2013 నాటి పద్ధతే కంపెనీ ఆర్థిక విభాగంలో స్థిరపడింది. బోర్డులో కుర్చీ ఖాళీ అయినా అలవాటు మిగిలిపోయింది.

కంపెనీ లాభం చూసుకోవడంలో తప్పేముంది అని అడగొచ్చు. తప్పేమీ లేదు. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామందికి జీతంతో పాటు మైక్రోసాఫ్ట్ షేర్లు కూడా వస్తాయి, వాళ్లూ వాటాదారులే. షేరు పెరిగితే ఇంటి లోను తేలికవుతుంది, అదే షేరును నిలబెట్టడానికి చేసే కోతలో రేపు తమ బ్యాడ్జి పనిచేయకపోవచ్చు. ఆ టెన్షన్ వాళ్లకు తెలిసినంతగా ఫండ్ మేనేజర్లకు తెలియదు. నా అభ్యంతరం కొలత మీద. గేమ్ తయారీకి ఐదారేళ్లు పడుతుంది, పదింట్లో ఒకటో రెండో ఆడతాయి, అవే మిగతావాటి ఖర్చు రాబడతాయి. అలాంటి పనిని నెలనెలా చందా వచ్చే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తూనికరాళ్లతో తూస్తే, ముందు పోయేది ఇంకా పుట్టని గేములే. టాంగో లాంటి చిన్న జట్లు ఆ తూకంలో ఎప్పటికీ నెగ్గలేవు.

పైగా ఆ తూకం ఇప్పటికీ చీకట్లోనే జరుగుతోంది. 2025 ఆర్థిక సంవత్సరంలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ ఆదాయం సుమారు 2,350 కోట్ల డాలర్లు. వార్షిక నివేదికలో ఆ అంకె ఉంది, ఎంత శాతం పెరిగిందో ఉంది. లాభమో నష్టమో మాత్రం విడిగా లేదు. ఎక్స్‌బాక్స్ ఇప్పుడు విండోస్, సర్ఫేస్, సెర్చ్ ప్రకటనలతో కలిసి ఇంకో పెద్ద విభాగంలో కూర్చుని ఉంది. 2013లో షెర్లండ్ బయట నిలబడి ఊహించి చెప్పాల్సి వచ్చింది, ఇవాళ్టి విశ్లేషకులూ ఊహించే చెబుతున్నారు. మళ్లీ ఎవరో ఒక ఫండ్ వచ్చి గేమింగ్‌ను విడగొట్టమని అడిగే రోజు వస్తే, బోర్డు చేయాల్సిన మొదటి పని ఆ ఒక్క అంకెను బయటపెట్టడం. 30 శాతం అన్నది న్యాయమైన లక్ష్యమో అత్యాశో అప్పుడు వాటాదారులకే కాక, ఆ లక్ష్యం పేరుతో ఇంటికి పంపిన వాళ్లకూ తెలుస్తుంది.